గుంటూరు దూది – లాంకషైరు రొట్టె

విదేశమునుండి సెలవులకు ఇంటికి వచ్చిన పిల్లలను మనవైపు పెద్దలు తప్పక అడుగు ప్రశ్న యొకటి కలదు: "అక్కడ బియ్యము ధర యెంత, నాయనా?" పిల్లవాడు డాలర్లలోనో దినారులలోనో చెప్పును. పెద్దలు మనసులోనే దానిని రూపాయలు చేసి బుగ్గలు నొక్కుకొందురు. అంత పోసి అన్నము తినవలెనా అని ఆశ్చర్యపడుదురు. పిమ్మట జీతమడుగుదురు. దానినిగూడ రూపాయలు చేసి మరల ఆశ్చర్యపడుదురు. ఈ రెండు ఆశ్చర్యములును ఒకదానినొకటి కొట్టివేయునన్న మాట చాలమందికి తోచదు.

రెండు దేశముల వెలలను పోల్చుట అంత సులభమైన పని కాదు. అయినను ఈ పోలిక కేవలము కాలక్షేపమునకు చేసిన కాలము కాదు, మనుష్యుల ప్రాణములు దానిమీద ఆధారపడిన కాలమొకటి మన గుంటూరు, ఒంగోలు మైదానములకు పట్టినది. ఆ కథలో రెండవ దేశము ఇంగ్లండు. అందునను అన్ని ప్రాంతములు కావు. నూలుమిల్లుల సీమయైన లాంకషైరు.

ఈ రెండు ప్రాంతములను కలిపినది ప్రత్తి. నల్లరేగడిలో ఏపుగా పెరుగు మన దేశవాళి ప్రత్తికి పరదేశపు బజారులో గుంటూరు పేరు లేదు. అది "కోకనాడ" ప్రత్తి. పండినది నరసరావుపేట, వినుకొండ, సత్తెనపల్లి చేలలో. పేరు మాత్రము ఓడ యెక్కిన కాకినాడ రేవుది! కన్నతల్లి పేరు పోయి సాగనంపిన మేనత్త పేరు నిలిచినట్లయినది. కొంచెము ఎరుపుడాలు కలిగి, పింజ పొట్టిగా ఉండు ఆ దూదిని లాంకషైరు మిల్లుదారులు ఆ రోజులలో పెద్దగా లక్ష్యపెట్టలేదు. వారికి కావలసినది అమెరికా దక్షిణ రాష్ట్రములలో నీగ్రో బానిసలచేత పండింపబడిన పొడుగుపింజ ప్రత్తి. 1860లో ఇంగ్లండు దిగుమతి చేసికొన్న దూదిలో ఇంచుమించు అయిదింట నాలుగుపాళ్లు అచ్చటిదే.

అప్పటికి గుంటూరు ప్రత్యేకమైన జిల్లా కాదు. 1859లో దానిని మచిలీపట్టణముతో కలిపి కృష్ణా జిల్లా చేసిరి. మరల వేరుపడినది 1904లో. ఒంగోలు ఆ 1904 వరకు నెల్లూరు జిల్లాలోనిది. ప్రకాశము జిల్లా 1970లో పుట్టినది. పల్నాడు, బాపట్ల జిల్లాలు మొన్న 2022లో వచ్చినవి. కావున నేను "గుంటూరు సీమ" అన్నపుడు శ్రోతలు కలెక్టరుగారి పటమును కాక, నల్లరేగడిని తలచుకొనవలెనని కోరుచున్నాను.

ముందుగా నాణెముల మాట. 1860 ప్రాంతమున మన రూపాయికి ఇంగ్లీషువారి రెండు షిల్లింగులు. షిల్లింగునకు 12 పెన్నీలు. మన రూపాయికి 16 అణాలు గనుక అణాకు పెన్నీన్నర. తూకమునకు ఇంగ్లీషు పౌను మన పాత వీశెలో మూడవవంతుకు కొంచెము తక్కువ. నేటి లెక్కలో 453 గ్రాములు.

మిల్లులో మగ్గములు చూచు స్త్రీకి మంచి రోజులలో వారమునకు సుమారు పది పన్నెండు షిల్లింగులు వచ్చెడివి. అనగా అయిదారు రూపాయలు! మన చేలలో కలుపుతీయు ఆడుకూలి ఈ మాట వినియుండినచో నమ్మియుండదు. కాని ఆ మిల్లుకూలి ఖర్చులు చూడుడు. నాలుగు పౌనుల రొట్టె ఏడెనిమిది పెన్నీలు. ఇంటి అద్దెకు వారమునకు రెండున్నర మొదలు నాలుగు షిల్లింగులవరకు. చలిదేశము గనుక బొగ్గు కొనక తీరదు. ఉన్నిబట్ట, కాలికి చెక్క అడుగు చెప్పులు లేక తీరదు. ఆమె తిను ప్రతి ముద్దయు దుకాణమునుండి నాణెమిచ్చి తెచ్చుకొన్నదే.

ఇక్కడి కూలికి చేతిలో నాణెమాడుట అరుదు. కూలి గింజలలోనే ముట్టెడిది. జొన్నలు, వరిగలు, కొర్రలు. గుడిసెకు అద్దె లేదు. వంటకు పొయ్యిలో ప్రత్తికట్టెయో పిడకయో. కూరకు గట్టుమీది ఆకు. రేగడి గ్రామములో జొన్నసంకటి, మిరపకారము, చింతపండు పులుసు ఉన్నచో ఆ పూటకు రాజభోగము. (ఆ మిరపకాయగూడ అమెరికా ఖండమునుండి వచ్చిన చుట్టమే. గుంటూరు కారమునకు మన పుట్టింటి పేరు స్థిరపడినది గనుక ఆ సంగతి మరచినాము.) నాణెమిచ్చి కొనవలసినవి ఉప్పు, నూలుబట్ట, కొద్దిగా నూనె. నాణెముతో కట్టవలసినది మాత్రము పెద్దది: సర్కారు శిస్తు. శిస్తునకు రూపాయి తెచ్చిపెట్టు పంటలలో ప్రత్తి ముఖ్యము. కావున గుంటూరు రైతునకు ప్రత్తి ధర అన్నది బట్టకు సంబంధించిన మాట కాదు. కరణము లెక్కకు సంబంధించిన మాట.

1861 ఏప్రిలులో అమెరికాలో ఉత్తర దక్షిణముల మధ్య యుద్ధము పుట్టినది. ఉత్తరమువారి ఓడలు దక్షిణపు రేవులను దిగ్బంధము చేసినవి. 1860లో పౌను ఆరేడు పెన్నీలున్న అమెరికా దూది 1864లో రెండు షిల్లింగులు దాటినది. మిల్లులు ఒకటి వెంట నొకటి మూతపడినవి. 1862 డిసెంబరు నాటికి లాంకషైరులోను దాని చుట్టుపట్లను ధర్మముమీద బ్రదుకుచున్నవారు దాదాపు అయిదు లక్షలమంది. దానిని వారు "దూది కరవు" అని పిలిచిరి. కరవు అన్న మాటకు మనదేశమున ఉన్న అర్థము వేరు. ఆ తేడా కొద్దిసేపటిలో వచ్చును.

అప్పుడు దొరలకు మన ప్రత్తి జ్ఞాపకము వచ్చినది. 1862లో టాల్‌బాయిస్ వీలరు మద్రాసు రాజధానిలోని ప్రత్తి సాగునుగూర్చి ప్రత్యేకముగా ఒక గ్రంథమే సంకలనము చేసెను. బండ్లమీదను పడవలమీదను దూది బస్తాలు కాకినాడకు తరలినవి. నేటి కాకినాడ వర్తకపు వైభవమునకు పునాది ఆ యుద్ధకాలపు ప్రత్తియే. రైతు చేతిలో రూపాయలు గలగలలాడినవి. అయితే ఆ పొట్టిపింజ అమెరికా దూదికని చేసిన యంత్రములలో మాటిమాటికి తెగెడిది. భారతదేశపు దూదికంతటికి అక్కడివారు పెట్టిన పేరు "సూరతు". తెగిన పోగులు అతుకుచు కూర్చున్నచో గజముల లెక్కను ఇచ్చు కూలి పడిపోవును. పని దొరకినవానికిగూడ సగము జీతము! అందుచేత "సూరతు" అన్న మాట అక్కడ తిట్టుగా మారినది. ప్రార్థనలో దేవుని దూది అడుగుచు, సూరతు దూది మాత్రము వద్దని వేడుకొన్న శ్రామికుని కథ లాంకషైరులో ఇప్పటికిని చెప్పుకొందురు.

మనవైపు అందరును సుఖపడిరని తలపరాదు. చీరాల, పేరాల, మంగళగిరి మగ్గములవారి సంగతి వేరు. ప్రత్తి ధర పెరిగిన కొలది నూలు ధర పెరిగినది. సీమనుండి వచ్చు నూలు మరియును పెరిగినది. బట్టకు మాత్రము ఆ మేరకు ధర పలుకదు. ప్రెస్టనులో నేతగత్తె పస్తున్న వారముననే మంగళగిరిలో సాలెవాని మగ్గముగూడ ఆగినదన్నచో, కారణమొకటే. మరియు ఆ సంవత్సరములలో మద్రాసు రాజధానియందంతటను గింజల ధరలు ఎక్కుచునే పోయినవి. కూలి గింజలలో తీసికొనువాడు కొంతవరకు బ్రదికినాడు. చిన్న ఉద్యోగి, పూజారి, నేతగాడు, నాణెములపై బ్రదుకువారందరును నలిగిపోయిరి. 1865 ఏప్రిలులో యుద్ధము ముగిసినది. ధర ఎంత తొందరగా ఎక్కెనో అంత తొందరగా దిగినది. ఆ ధరను నమ్మి చేసిన అప్పులు మాత్రము దిగలేదు.

ఇక లాంకషైరులో ఆకలిగొన్నవారికి ఏమి ఇచ్చిరో చూతము. ధర్మసంఘములు తలకు వారమునకు సుమారు రెండు షిల్లింగులు అందునట్లు లెక్క పెట్టుకొన్నవి. ఆ మొత్తము చాలునా అన్న ప్రశ్న పుట్టగా, ప్రభుత్వ వైద్యాధికారి జాన్ సైమను ప్రేరణచే డాక్టరు ఎడ్వర్డు స్మిత్తు 1862లో ఇంటింటికి పోయి, ఎవరేమి తినుచున్నారో తూచి వ్రాసికొనెను. ఆకలిజబ్బులు రాకుండుటకు స్త్రీకి దినమునకు 3,900 గ్రెయినుల కర్బనము, 180 గ్రెయినుల నత్రజని గల ఆహారము ఉండితీరవలెనని ఆయన తేల్చెను. వంటింటి భాషలో అది రమారమి రెండు పౌనుల రొట్టె. మనిషి బ్రదుకుటకు ఎంత కనీసము కావలెనని ఒక ప్రభుత్వము త్రాసుపట్టి కొలిపించిన తొలి సందర్భములలో ఇది యొకటి.

అక్కడగూడ అన్నియు సవ్యముగా జరుగలేదు. 1863 మార్చిలో స్టేలీబ్రిడ్జి పట్టణమున సంఘమువారు నాణెములు మాని దుకాణపు చీటీలు ఇచ్చెదమనిరి. జనము తిరుగబడి దుకాణముల అద్దములు పగులగొట్టెను, సైన్యము రావలసివచ్చినది. చీటీకి వచ్చు రొట్టె నాణెమునకు వచ్చునదే గదా, ఇంత కోపమేల అని అడుగవచ్చును. కాని నాణెము చేతనున్న గృహిణి ఏ దుకాణమున కొనవలెనో, ఈ వారము రొట్టె తగ్గించి పాప చెప్పులు బాగుచేయింపవలెనో తాను నిర్ణయించుకొనును. చీటీ పుచ్చుకొన్ననాడు ఆ నిర్ణయము పరులది. జీవనవ్యయము లెక్కించువారు ఈ సంగతిని ఏ గడిలోను వ్రాయరు.

ఆ పిమ్మట పదునాలుగేండ్లకు మన వంతు వచ్చినది. కరవు మన నేలకు క్రొత్త కాదు. 1832–33 నాటి నందన కరవులో గుంటూరు జిల్లా జనము అయిదు లక్షలలో రెండు లక్షలు నశించెనని చెప్పుదురు. ఆ దెబ్బకు జమీందారీలు కూలిపోగా, 1846లో వాల్టరు ఇలియట్టు విచారణ జరిపి వాని దుస్థితిని వెల్లడించెను. 1855లో కృష్ణ ఆనకట్ట పూర్తియై డెల్టా గ్రామములకు అభయమిచ్చినది. మెట్టకు అట్టి అభయము లేదు. 1876లో ధాత సంవత్సరమున వానలు మొగము చాటువేసినవి. ఒంగోలు, కందుకూరు, కనిగిరి ప్రాంతములకు అప్పటికి రైలు లేదు. మద్రాసునుండి బెజవాడకు ఒంగోలుమీదుగా రైలు నడచినది ఆ శతాబ్దపు చివర. గింజ దూరమునుండి రావలెనన్నచో ఎద్దుబండి రావలెను. ఎద్దులు మేతలేక ముందుగానే చచ్చినవి.

1877 జనవరిలో వైస్రాయి లిట్టను ప్రభువు సర్ రిచర్డు టెంపులును మద్రాసునకు పంపెను. ఈ టెంపులే అంతకు మూడేండ్లముందు బీహారు కరవులో బర్మా బియ్యము దిగుమతి చేయించి, ధారాళముగా వెచ్చించి, జనమును కాపాడినవాడు. అందుకు మెప్పుకు బదులు దుబారా చేసినాడన్న నింద వచ్చినది. ఆ నిందను ఆయన మరువలేదు కాబోలు. మద్రాసులో కరవుపని చేయు పురుషునకు దినకూలి ఒక పౌను ధాన్యపు వెలయు, ఉప్పు పప్పులకు అరయణాయు చాలునని నిర్ణయించెను. శ్రోతలు గమనింపవలెను: ధాన్యము కాదు, ధాన్యపు వెల.

మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టరు కార్నిషు దీనిని గట్టిగా ఎదిరించెను. మట్టి త్రవ్వు మనిషికి పౌనున్నరకు తక్కువైనచో ఆ మనిషి తన కండనే తినుచు పని చేయుచున్నాడని ఆయన వాదము. శిబిరములలో కూలీలు చిక్కిపోవుట ఆయన కన్నులార చూచి వ్రాసెను. టెంపుల్ కూలిని కొన్ని మాసములకే సడలింపవలసివచ్చెను. తరువాత 1880లో కరవు విచారణసంఘముగూడ కార్నిషు పక్షమునకే మొగ్గినది.

ఇపుడు మన పాత లెక్కకు వత్తము. లాంకషైరు ధర్మము వారమునకు రెండు షిల్లింగులు. రొట్టె నాలుగు పౌనులు ఏడున్నర పెన్నీల చొప్పున, అంతయు రొట్టెకే పెట్టినచో దినమునకు 1.8 పౌనులు. టెంపుల్ కూలిలో, రూపాయికి పదునారు పౌనుల ధాన్యము వచ్చుననుకొన్నచో, దినమునకు అణాన్నర. అంతయు గింజలకే పెట్టినచో పౌనున్నర. రొట్టెలో మూడవవంతుకు పైగా నీరు. గింజలో అంత నీరు లేదు. కావున సత్తువ లెక్కను చూచినచో మన కూలియే ఒక పిసరు ఎక్కువగా కనబడును! ఈ లెక్క మొదట వేసినపుడు నేనే నమ్మలేక రెండుమారులు సరిచూచితిని. టెంపుల్ దొర ఈ లెక్కను చూచియుండినచో మిక్కిలి సంతోషించియుండును.

అయినచో లాంకషైరులో ఆ సంవత్సరముల మరణములు పెద్దగా పెరుగకుండుట యేమి, మద్రాసు రాజధానిలో లక్షలాదిగా జనము రాలిపోవుట యేమి?

ఒకటి, లాంకషైరులో ఆ రెండు షిల్లింగులు ఇంటిలోని ప్రతి తలకును లెక్క, పసిపిల్లయు తలయే. ఇక్కడ ఆ అణాన్నర దినమంతయు గడ్డపార పట్టిన మగవానికి. పనికి పోలేని ముసలివాని పేరు ఆ పట్టీలో లేదు. అక్కడ పొయ్యి దగ్గర కూర్చున్న మనిషికి లెక్కించిన ఆహారమును ఇక్కడ ఎండలో మట్టి మోయువానికి లెక్కించిరి. మరి అక్కడ అద్దె బాకీపడినను చాలమంది యజమానులు ఊరకుండిరి. బొగ్గు, పాతబట్టలు దానముగా వచ్చినవి. అన్నిటికిని మించి, అంగడిలో రొట్టె ఉన్నది. నాణెమున్నచో దొరకును. ఒంగోలు మెట్టలో నాణెము చేతబట్టుకొని సంతకు పోయినవానికి గింజ ఉన్నదన్న నమ్మకము లేదు. ఉన్నను పొద్దున ధర సాయంత్రముండదు. అధికారి లెక్కలోని పౌను ధాన్యపు వెలకు అంగడిలో ముప్పాతిక పౌను వచ్చినచో, ఆ పాతిక ఎవరి కడుపులోనిది? ఇక కూడబెట్టిన సొమ్ము విషయము. రాచ్‌డేలు నేతగాండ్రు 1844లోనే సహకార దుకాణము పెట్టుకొన్నవారు. పొదుపు పుస్తకములలో వారికి నాలుగు కాసులున్నవి. మనవారి పొదుపు ఎద్దులు, ఆలి మెడలోని పుస్తెలు. కరవులో ఎద్దు చచ్చును, బంగారము సగము ధరకు పోవును.

ఉప్పు సంగతి చెప్పక ముగింపలేను. ఇంగ్లండులో ఉప్పు పన్నును 1825లోనే తీసివేసిరి. టీ మీది సుంకమును 1863లో ఒకమారు, 1865లో మరియొకమారు తగ్గించిరి. చక్కెర సుంకము 1874లో పోయినది. పేదవాని బల్లమీది వస్తువులు ఒక్కొక్కటిగా పన్ను విడిపించుకొనుచున్న కాలమది. చినగంజాము ఉప్పుకొఠారులు కంటియెదుట తెల్లగా మెరయుచున్న మన తీరమున ఉప్పు 1805 నుండి సర్కారు గుత్త. 1877 చివర, కరవు ఇంకను తీరకమునుపే, మద్రాసులో మణుగు ఉప్పుమీది పన్నును రూపాయి పదమూడణాలనుండి రెండు రూపాయల ఎనిమిదణాలకు పెంచిరి. ఆ మణుగు సర్కారువారి 82 పౌనుల మణుగు. లెక్క వేయుడు: పౌను ఉప్పునకు పన్ను ఇంచుమించు అరయణా. కరవుకూలికి ఉప్పు పప్పులకని టెంపుల్ దయతో విదిలించిన దినభత్యము అదే అరయణా! 1930లో దేవరంపాడు శిబిరమునకు మన జనము ఏల విరగబడిరో తెలియవలెనన్నచో ఈ చిన్న లెక్క చాలును. ఆ పన్ను 1947లో రద్దయినది.

రెండు దేశముల బ్రదుకులను పక్కపక్కన పెట్టి చూచిన మన పెద్దలలో దాదాభాయి నౌరోజీ ముఖ్యుడు. 1876లో ఆయన భారతీయుని సగటు వార్షికాదాయము 20 రూపాయలని లెక్క తేల్చెను. ఆయన దానిని కేవలము ఇంగ్లీషువాని ఆదాయముతో పోల్చి ఊరకుండలేదు. మన జైళ్లలో ఖైదీ తిండికి బట్టకు సర్కారు పెట్టు ఖర్చుతో పోల్చెను. ఖైదీ ఖర్చే ఎక్కువ తేలినది. పరదేశపు వెల చూపినచో మీ దేశము చలిదేశము, మాది వేడిదేశమని తప్పించుకొనవచ్చును. ఇదే దేశములో, ఇదే సర్కారు, తన చెరసాలలో పెట్టు తిండిని చూపినచో తప్పించుకొను దారి యేది? పోలిక చేయు విద్యలో ఇంతకంటె నేర్పు నేను చూడలేదు.

ఇంతటి కథలో మంచి లేదనుకొనవద్దు. 1862లో లాంకషైరు కార్మికులకొరకు భారతదేశమున చందాలెత్తి పంపిరి; మద్రాసునుండియు పంపిరి. 1877లో లండను నగరాధ్యక్షుడు మన కరవునకు నిధి తెరువగా, లాంకషైరు పట్టణములును చందాలు పంపినవి. ఆ డబ్బు పంపకమునకు మద్రాసులో కార్యదర్శిగా నిలిచినవాడు పత్రికాసంపాదకుడు విలియము డిగ్బీ.

పనులు చూపుటలోను పోలిక కలదు. లాంకషైరులో 1863 నాటి చట్టముక్రింద పురపాలకసంఘములు అప్పు తెచ్చి మిల్లుకూలీలచేత బాటలు, మురుగుకాలువలు, ఉద్యానములు చేయించినవి. ఓల్డ్‌హాము పట్టణమున అట్లు పని లేనివారు త్రవ్వి నాటిన అలెగ్జాండ్రా పార్కు 1865లో తెరచిరి. మనవైపు కృష్ణకాలువలను మద్రాసుతో కలుపు బకింగుహాము కాలువను కరవుకూలీలు త్రవ్విరి. గవర్నరు పేరు దానికి పెట్టిరి. ఒంగోలులోని అమెరికను మిషనరీ జాన్ క్లౌ అందులో మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసికొని, పరులు తమ పల్లెవారిని అదిలింపకుండ తానే దగ్గరుండి చేయించెను. ఆ మట్టి త్రవ్వినవారిలో ఎక్కువమంది మాలమాదిగలు.

ఓల్డ్‌హాము పార్కులో ఇప్పటికిని సాయంత్రమున పిల్లలు ఆడుకొందురు. మన కాలువలో రైలు వచ్చిన తరువాత పడవలు తగ్గినవి. పెదగంజాము దిగువను పోయి చూచినచో, చాలచోట్ల ఒండ్రుపట్టి, తుమ్మలు మొలచి, గట్టు మాత్రము మిగిలియున్నది. ఆ గట్టుమీద ఒక్కొక్క గంప మట్టికి ఎంత జొన్న ముట్టెనో ఏ శిలాఫలకము మీదను వ్రాయలేదు.